అన్నా... ఒక్కసారి ఊదండి!

శనివారం రాత్రి హైదరాబాద్ రోడ్ల మీద పోలీసుకు ఎదురయ్యే మనిషి చెప్పింది సగమే వింటాడు. విన్నదాంట్లో సగం మర్చిపోతాడు. మిగిలిన కాస్తా అవమానంగా తీసుకుంటాడు. అలాంటివాడితో మాట్లాడి, చేతిలో తాళంచెవి తీసుకుని, క్షేమంగా ఇంటికి చేర్చడం ఓ విద్యే. జూబ్లీహిల్స్ కొండల నుంచి కోర్టు మెట్ల దాకా ఆ విద్య నడిచే దారి ఇది.

రాత్రి పదకొండు దాటాక జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఊరు రెండోసారి తెల్లారినట్టుంటుంది. ఒకపక్క కేబీఆర్ పార్కు. నాలుగొందల ఎకరాలకు కాస్త తక్కువగా ఉండే ఆ పచ్చదనం చీకట్లో కలిసిపోయి ఉంటుంది. మరోపక్క రోడ్ నంబర్ 36 మీద దీపాల వరుస. తలపైన మెట్రో వంతెన. కాస్త ముందుకెళితే 2020 సెప్టెంబరులో తెరిచిన దుర్గంచెరువు తీగల వంతెన, ఆ వెనకే మాదాపూర్ అద్దాల మేడలు. బార్లు, పబ్బులు, హోటళ్లు తలుపులు మూసే వేళకు జనమంతా ఈ దారుల్లోనే ఇంటిముఖం పడతారు.

కూడలి పేరులోనే తనిఖీ ఉంది. వారాంతాల్లో ఆ పేరుకు తగ్గట్టే ఈ చుట్టుపక్కల ఎక్కడో ఓ చోట బారికేడ్లు వెలుస్తాయి. తెల్లచొక్కా, ఖాకీ ప్యాంటు, పైన మెరిసే జాకెట్టు... ట్రాఫిక్ పోలీసులు చేతిలో అరచేయంత మిషన్ పట్టుకుని నిలబడతారు. సాధారణంగా మలుపు తిరిగాక గానీ కనిపించరు. ముందే కనబడితే కొందరు బండి వెనక్కి తిప్పి రాంగ్‌రూట్‌లో పారిపోతారు. తాగినవాడు రాంగ్‌రూట్‌లో పోవడం, వాడు మామూలు దారిలో పోవడం కన్నా ప్రమాదం!

ఇక్కణ్నుంచి దిగువకు పోతే పంజగుట్ట. 2016 జూలై 1న ఆ ప్రాంతంలో జరిగిన ప్రమాదాన్ని హైదరాబాదీలు ఇంకా మరిచిపోలేదు. మద్యం తాగిన విద్యార్థులున్న కారు అదుపుతప్పి డివైడర్ దాటింది. అవతలి వైపు వెళుతున్న మరో కారు మీద పడింది. అందులో బడి నుంచి ఇంటికొస్తున్న తొమ్మిదేళ్ల చిన్నారి ఉంది. ఆ పాపతో సహా ఒకే కుటుంబంలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. బారికేడ్ దగ్గర నిలబడిన పోలీసు ఎన్ని తిట్లు తిన్నా పక్కకు తప్పుకోకపోవడానికి కారణం ఇలాంటి రోజులే.

తాళంచెవి ముందు... మాట తర్వాత

బండి ఆగింది. అద్దం దిగింది. ఇప్పుడు పోలీసు ఏం మాట్లాడాలి?

అనుభవమున్నవాళ్లు ముందు మాట్లాడేది మద్యం గురించి కాదు, ఇంజిన్ గురించి. 'బండి ఆపెయ్యండి సార్... తాళం ఇలా ఇవ్వండి.' అంతే. చేతిలో తాళంచెవి ఉన్నంతసేపూ ఆ మనిషి దగ్గర టన్ను బరువున్న ఆయుధం ఉన్నట్టే. భయపడి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే ముందు నిలబడ్డ హోంగార్డు గతేంటి? అందుకే తెలిసినవాళ్లు బండికి ఎదురుగా నిలబడరు, పక్కన నిలబడతారు. తాళం చేతికొచ్చాకే మిగతా సంభాషణ.

ఆ సంభాషణకూ ఓ వ్యాకరణం ఉంది. ఒక్కసారి ఒక్క మాటే చెప్పాలి. 'దిగి, లైసెన్సు తీసి, ఆర్సీ చూపించి, ఇటొచ్చి ఊదు' అంటే మత్తులో ఉన్నవాడికి చివరి ముక్క ఒక్కటే వినబడొచ్చు. లేదా ఏదీ వినబడకపోవచ్చు. 'దిగండి' అనాలి. దిగేదాకా ఆగాలి. తర్వాత 'లైసెన్సు'. అదొచ్చాక 'ఇందులో ఊదండి'. చెప్పింది అర్థంకాకపోతే అదే మాట అదే గొంతుతో మళ్లీ చెప్పాలి. మాట మార్చితే కొత్త ప్రశ్న అనుకుంటాడు. గొంతు పెంచితే గొడవ అనుకుంటాడు.

ఒకే పోలీసు మాట్లాడటం మరో సూత్రం. నలుగురు చుట్టూ చేరి నాలుగు వైపుల నుంచి నాలుగు మాటలంటే మామూలు మనిషికే తల తిరుగుతుంది. ఇక తాగినవాడి సంగతి చెప్పేదేముంది! ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు రెండడుగుల వెనక చూస్తూ ఉండాలి. ఆ ఒక్కరితో పొసగకపోతే ఆయన తప్పుకుని ఇంకొకరు ముందుకు రావాలి. అది ఓడిపోవడం కాదు. ఒక్కోసారి కొత్త ముఖం చూడగానే పాత కోపం దానంతటదే దిగిపోతుంది.

కళ్లముందున్నదే లోకం

ఇదంతా మర్యాద కోసమేనా? కాదు, మెదడు కోసం. మందు ముందుగా మందగింపజేసేవాటిలో ఒకటి మెదడు ముందుభాగం. ముందూవెనకా చూడటం, నోటిని అదుపులో పెట్టుకోవడం, 'రేపేమవుతుందో' అని లెక్కేసుకోవడం... ఈ పనులన్నీ దానివే. అది జోగుతుంటే మిగిలేది ఆ క్షణం ఒక్కటే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడ్ స్టీల్, రాబర్ట్ జోసెఫ్స్ 1990లో దీనికో పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'మద్యపు హ్రస్వదృష్టి'. హ్రస్వదృష్టి ఉన్నవాడికి దగ్గరివే కనబడి దూరంవి మసకబారినట్టు, తాగినవాడికి కళ్లముందున్నదే పెద్దదై మిగతాదంతా మాయమవుతుంది. ఎదురుగా అరిచే పోలీసు ఉంటే వాడి లోకమంతా ఆ అరుపే. జైలు, కోర్టు, ఉద్యోగం, రేపటి పరువు... ఇవన్నీ దూరంగా ఉన్న వస్తువులు. 'లోపలేస్తా' అని బెదిరిస్తే పనిచేయకపోవడానికి కారణం అదే. ఆ 'లోపల' వాడికి కనిపించడంలేదు!

ఇందులోనే ఓ ఉపాయమూ ఉంది. జాగ్రత్తను గుర్తుచేసేదేదైనా కళ్లెదుట గట్టిగా నిలబెడితే తాగినవాళ్లూ దానికి లొంగుతారని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 'ఇంట్లో ఎవరుంటారు? మేలుకునే ఉన్నారా? ఒక్కసారి ఫోను చేద్దామా?' అని అడగడంలోని మహిమ అదే. అప్పటిదాకా రంకెలేసిన మనిషి భార్య పేరో, అమ్మ పేరో వినగానే చల్లబడటం, ఫుట్‌పాత్ మీద కూలబడి ఏడవటం ఈ రోడ్లకు కొత్తేం కాదు.

అన్నట్టు, కాలం కూడా పోలీసు చేతిలో ఓ ఆయుధమే. కానీ రెండువైపులా పదునున్నది. కడుపులోకి వెళ్లిన మద్యం రక్తంలో పతాకస్థాయికి చేరడానికి అరగంట నుంచి గంటన్నర దాకా పట్టొచ్చు. చివరి గ్లాసు గబగబా ఖాళీచేసి బండెక్కినవాడు ఆపినప్పుడు బాగానే ఉండి, మాట్లాడుతుండగానే మత్తులోకి జారిపోవచ్చు. కాఫీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం... వీటితో మత్తు దిగదు. కాలేయం తన పని తాను చేసుకుపోవాల్సిందే. ఎవరూ దాన్ని తొందరపెట్టలేరు.

'రా' అంటే రచ్చ

తెలుగులో ఒక్క అక్షరం చాలు, కథ అడ్డం తిరగడానికి. 'ఏరా, తాగావా?' అన్న మాటకూ 'అన్నా, ఒక్కసారి ఊదండి' అన్న మాటకూ మధ్య ఒక్కోసారి ఓ కేసు, ఓ చొక్కా చిరుగు, ఓ పగిలిన అద్దం తేడా ఉంటుంది. మత్తులో అర్థాలు తప్పిపోవచ్చు గానీ అవమానం మాత్రం తప్పిపోదు. అది సూటిగా తగులుతుంది.

హైదరాబాద్‌లో 'అన్నా', 'భాయ్' రెండూ చెల్లుతాయి. ఆటోవాలాకు ఉర్దూ హాయిగా ఉంటే ఉర్దూ. కోస్తా యాస వినబడితే 'ఏ ఊరండీ మనది?' అని ఓ ప్రశ్న. పెద్దాయనైతే 'బాబాయ్'. కారులో ఆడవాళ్లుంటే మాట్లాడటానికి మహిళా కానిస్టేబుల్ ఉండటం అందరికీ మంచిది. ఇవి బుజ్జగింపులు కావు. ఎదుటివాడు తలదించకుండానే మాట వినే దారి చూపించడం.

అవతలివైపు నుంచి వినబడే మాటలు మాత్రం ఏ కారులోనైనా ఒకటే. 'రెండు బీర్లే సార్.' 'పొద్దున తాగిందండీ.' 'దగ్గు మందు వేసుకున్నా.' అవేవీ పనిచేయకపోతే అసలు అస్త్రం... 'నేనెవరో తెలుసా? ఫోను మాట్లాడండి!' ఈ మాటకు ఎదురుమాట చెప్పడంకన్నా తేలిక లేదు. చెప్పకుండా ఉండటంలోనే ఉంది అసలు శిక్షణ. 'మీరెవరైనా నా పని ఇదే సార్. ఇక్కడ ఊదుతారా, ఆసుపత్రికి వెళదామా?' అని రెండు దారులు చూపిస్తే చాలు. రెండూ చట్టం ఒప్పుకునేవే. ఏది ఎంచుకున్నా ఎంచుకున్నది తనే అన్న తృప్తి అతనికి మిగులుతుంది.

అసలు పరీక్ష ఎక్కడంటే... కోటి రూపాయల కారులో వచ్చినవాడికి దక్కిన ఆ 'సార్', వైన్‌షాపు ముందు తూలుతున్న కూలీకి దక్కుతుందా? అన్నిచోట్లా దక్కదు. ఆ సంగతి రాత్రుళ్లు రోడ్ల మీద తిరిగేవాళ్లందరికీ తెలుసు. పోగొట్టుకోవడానికి ఇద్దరికీ ఉన్నది అదే ప్రాణం, అదే పరువు.

పరువంటే గుర్తొచ్చేది కెమెరా. ఒకప్పుడు తనిఖీల దగ్గర టీవీ కెమెరాలు కాపుకాసేవి. ఇప్పుడు దారిన పోయే ప్రతివాడి చేతిలోనూ ఓ కెమెరా. తాగినవాడికి ప్రేక్షకులు దొరికితే నాటకం మొదలవుతుంది. తగ్గితే చిన్నతనం, పెరిగితే పెద్దరికం! అతన్ని జనానికి దూరంగా నాలుగడుగులు తీసుకెళితే సగం గొడవ తగ్గుతుంది. ఆ నాలుగడుగుల దూరంలో ఇంట్లో పిల్లల పరువు కూడా నిలబడుతుంది. మర్నాడు బడిలో ఎవరో ఫోనులో ఆ వీడియో చూపిస్తే తలవంచుకోవాల్సింది ఆ పిల్లలేగా.

మత్తేనా... మరొకటా?

తూలినవాళ్లందరూ తాగినవాళ్లు కాదు. రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోయిన మధుమేహ రోగి కూడా తడబడతాడు, చెమటలు పడతాయి, కోపంగా మాట్లాడతాడు. చక్కెర మరీ పెరిగిపోతే ఊపిరిలో పండ్ల వాసనలాంటిది వస్తుంది. పక్షవాతం మొదలైనా మాట ముద్దగా వస్తుంది. తలకు దెబ్బతగిలినవాడు మత్తులో ఉన్నట్టే కనిపిస్తాడు. పైగా తాగినవాడికే తలకు దెబ్బ తగిలి ఉండొచ్చు కూడా.

అందుకే 'తాగావా' కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న 'బీపీ, షుగర్ ఏమైనా ఉన్నాయా?' అన్నది. మిషన్‌లో సున్నా చూపించినా మనిషి తేరుకోకపోతే 108 పిలవాల్సిందే. పూర్తిగా స్పృహ తప్పిన తాగుబోతును వెల్లకిలా పడుకోబెట్టకూడదు. వాంతి గొంతుకు అడ్డంపడి ప్రాణం పోవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూస్తుండాలి. ఇది పోలీసులకే కాదు, పెళ్లిళ్లలో, పండగల్లో మనకూ పనికొచ్చేదే.

పది రూపాయల నుంచి పదివేలకు

మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. 2019 సవరణతో మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఊదనని మొండికేసినవారిని అనుమానానికి కారణం ఉంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. అయితే అలా అరెస్టు చేసినవారిని రెండు గంటల్లోగా వైద్యుడి దగ్గర పరీక్ష చేయించాలి. లేకపోతే వదిలేయాలి.

బండి లేకుండా, తాగి వీధిలో అల్లరిచేసేవాడి సంగతి వేరు. 1860 నాటి భారత శిక్షాస్మృతి అతనికి విధించింది 24 గంటల దాకా జైలు, లేదా 10 రూపాయల దాకా జరిమానా. ఆ పది రూపాయలు నూట అరవై ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయాయి! 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయసంహిత దాన్ని 1,000 రూపాయలు చేసి, సమాజసేవను కూడా శిక్షగా చేర్చింది.

తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో ఇచ్చిన తీర్పు ఈ రోడ్డుపక్క సంభాషణనే మార్చింది. డ్రైవరు తాగి ఉన్నాడన్న కారణంతో పోలీసులు బండిని స్వాధీనం చేసుకోకూడదంది. పక్కన తాగనివారు, లైసెన్సు ఉన్నవారు ఉంటే వారికి అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి. వారూ రాకపోతేనే బండిని స్టేషనుకో మరో భద్రమైన చోటుకో తరలించాలి. అంటే 'ఇంటికి ఫోను చేద్దామా?' అన్న ప్రశ్న ఇప్పుడు మంచితనం మాత్రమే కాదు, విధి కూడా.

పులులకో పెట్టె

తాగినవాణ్ని తెల్లారేదాకా కాపాడటమే అసలు పని అని గట్టిగా నమ్మిన దేశం జపాన్. మనం 'కల్లు తాగిన కోతి' అంటాం. జపనీయులు ఒళ్లుతెలియకుండా తాగినవాణ్ని 'తొరా' అంటారు. అంటే పులి! 1961లో చేసిన ఓ చట్టం, బహిరంగస్థలాల్లో తాగి ఒళ్లు తెలియని స్థితిలో ఉన్నవారిని పోలీసులు సంరక్షణలోకి తీసుకునే వీలు కల్పించింది. అలాంటివారిని ఉంచే గదులకు జనం పెట్టిన ముద్దుపేరు 'తొరాబాకో'... పులిపెట్టె. టోక్యోలో అలాంటి కేంద్రాల్లో చివరిది 2007లో మూతపడింది. మనిషిని పొద్దున్నదాకా కనిపెట్టుకుని ఉండి, తేరుకున్నాక మాట్లాడాలన్న ఆలోచన మాత్రం మూతపడలేదు. హైదరాబాద్‌లోనూ అసలు మాట పొద్దున్నే మొదలవుతుంది.

గోషామహల్ క్లాసు

ఎందుకంటే రాత్రి చెప్పింది ఉదయానికి మిగలదు. మద్యం బాగా ఎక్కితే మెదడు కొత్త జ్ఞాపకాలను నమోదుచేయడం మానేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, దెబ్బలాడతాడు. తెల్లారాక ఒక్కటీ గుర్తుండదు. నటన కాదు, నిజంగానే గుర్తుండదు. అర్ధరాత్రి రోడ్డు మీద బుద్ధులు చెప్పడమంటే నీళ్ల మీద రాయడమే.

అందుకే హైదరాబాద్‌లో దొరికినవాళ్లను తర్వాత కౌన్సెలింగ్‌కు పిలవడం మొదలైంది. ఏళ్ల తరబడి ఈ తరగతులు జరిగిన చోటు పాతబస్తీకి దగ్గర్లోని గోషామహల్. 'గోషా' అంటే పరదా. కుతుబ్‌షాహీల కాలం నాటి మహల్ పేరు ఆ ప్రాంతానికి మిగిలింది. ఒకప్పుడు పరదాచాటు బతుకులకు నెలవైన చోట, తాగి పట్టుబడినవాళ్లు పరదా తీసి కుటుంబంతో సహా వచ్చి కూర్చోవాల్సి వచ్చింది. అక్కడి ట్రాఫిక్ శిక్షణ సంస్థలోనూ బేగంపేటలోనూ ఈ తరగతులు నడిచాయి.

నియమం ఒకటే... ఒంటరిగా రాకూడదు. పెళ్లయినవారు భార్యతోనో భర్తతోనో, కానివారు తల్లితోనో తండ్రితోనో రావాలి. ప్రమాదాల వీడియోలు చూపిస్తారు. చట్టం చెబుతారు. అయితే గదిలో గట్టిగా పనిచేసేది వీడియో కాదు, పక్క కుర్చీ. రాత్రి ఫోనులో పేరుగా మాత్రమే వచ్చిన మనిషి ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఉంటుంది. పల్లెటూరి నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రి, కొడుకు కాలేజీ ఫీజు కట్టిన తండ్రి, తలెత్తకుండా కూర్చుంటే ఆ కుర్రాడికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

అక్కణ్నుంచి కోర్టు. జరిమానాతో బయటపడేవారు కొందరు, రెండు మూడు రోజులు జైలుకెళ్లేవారు కొందరు. ట్రాఫిక్ కూడళ్లలో 'తాగి బండి నడపకండి' అన్న ప్లకార్డు పట్టుకుని నిలబడమని శిక్షపడినవారూ ఉన్నారు. ఇలా సాగే పనికి 2020లో కోవిడ్ కొంతకాలం అడ్డం పడింది. ఊదే పరీక్షే ఆగిపోయింది. ఊపిరే భయమైన రోజులవి.

ఇంట్లో ఫోను మోగితే...

అర్ధరాత్రి ఒంటిగంటకు ఫోను మోగుతుంది. 'మీవాడు ఇక్కడున్నాడు, వచ్చి తీసుకెళ్లండి.' అప్పుడు పోలీసు నేర్చుకున్న విద్యే ఇంట్లోవాళ్లకూ కావాలి.

ముందు ఎక్కడున్నారో, దెబ్బలేమైనా తగిలాయేమో అడగండి. వెళ్లేవారు మందు ముట్టనివారై, లైసెన్సు ఉన్నవారై ఉండాలి. తమ గుర్తింపు కార్డు, బండి కాగితాలు దగ్గరుంచుకోవాలి. స్కూటర్ మీద వెళ్లొద్దు. మత్తులో ఉన్నవాడు వెనక కూర్చుని పట్టు జారొచ్చు. ఆటోనో కారో మేలు. అక్కడికి చేరాక పోలీసుతో వాదన వద్దు. కేసు ఎలాగూ కోర్టులోనే తేలాలి. చేతికిచ్చిన కాగితం జాగ్రత్తగా దాచండి, మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి రావాలో అడిగి రాసుకోండి.

దారిలో తిట్టొద్దు, నిలదీయొద్దు. చెప్పాల్సింది ఎంతున్నా ఆ రాత్రికి దాచుకోవాలి. ఇంటికి తీసుకొచ్చి కాసిని మంచినీళ్లు తాగించి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, బండి తాళాలు బీరువాలో పెట్టేయండి. మత్తు రాత్రితో పూర్తిగా దిగకపోవచ్చు. పొద్దున్నే ఆఫీసుకు బండి మీద పంపడం కూడా ప్రమాదమే.

మాట్లాడటం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకోవచ్చు. అప్పటికి అతనికి వినబడుతుంది. విన్నది గుర్తుంటుంది కూడా.